కాలవ పాలైన వేడి

వాన పడుతోంది. లాండ్రీ వెనక సందులో ఒకమ్మాయి గొడుగుని మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మురికి కాలవ పక్కన గొంతుక్కూర్చుని, అందులో వేలు ముంచి చూస్తోంది.

అది చూసి మనవాడికి ఒళ్లు మండింది. మనవాడంటే ఆ లాండ్రీ ఓనరుగారి ఒక్కగానొక్క కొడుకు. హోటళ్ల దుప్పట్లూ, ఆసుపత్రుల తువ్వాళ్లూ ఉతికి, ఇస్త్రీ చేసి పంపడం వాళ్ల వ్యాపారం. పనివాళ్లు అతన్ని ‘చిన్నసారు’ అంటారు. ముఖం మీద అనే మాట అది. వెనకాల ఏమంటారో మనకెందుకులెండి.

“హలో మేడమ్, ఏమన్నా పడిపోయిందా?”

“పడిపోలేదు. పారిపోతోంది.”

“ఏంటది?”

“మీ డబ్బు! చెయ్యి పెట్టి చూడండి, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో.”

“మురికి కాలవలో నేను చెయ్యి పెట్టాలా?”

“గ్యాసు బిల్లొచ్చినప్పుడు జేబులో పెడుతున్నారుగా. దానికంటే ఇదే నయం.”

అప్పుడు అర్థమైంది మనవాడికి, గ్యాసూ కరెంటూ ఎక్కడ వృథా అవుతున్నాయో చూడమని నాన్న పిలిపించిన ఎనర్జీ ఆడిటర్ ఈవిడేనని. బట్టతలా, కళ్లజోడూ ఉన్న పెద్దమనిషి వస్తాడని కుర్చీ తుడిపించి పెట్టాడు. వచ్చిందేమో తడిసిన జుట్టు, నవ్వు దాచుకోవడం చేతకాని కళ్లు. అతను కోపాన్ని ఎక్కడ పెట్టాడో వెతుక్కునేలోపే ఆమె లోపలికి వెళ్లిపోయింది.

లోపల పెద్దాయన ముందే చెప్పేశాడు. “చూడమ్మా, పర్యావరణం గురించి నాకు క్లాసు పీకొద్దు. నా బిల్లు సంగతి చెప్పు.”

“రెండూ ఒకటే సార్. చల్లటి నీళ్లని గ్యాసు మండించి వేడి చేస్తున్నారు. ఉతకగానే ఆ వేడిని కాలవకి ధారపోస్తున్నారు. కాలవ దగ్గర ఒక ట్యాంకు కడదాం. అందులో రాగి గొట్టం చుట్టలుగా పెడదాం. మురికినీళ్లు ట్యాంకులో, మంచినీళ్లు గొట్టంలో. ఒకదాన్నొకటి తాకవు. కానీ ఆ వేడి ఈ నీళ్లకి ఎక్కుతుంది. బాయిలర్‌కి సగం పని తప్పుతుంది. ఆఖరిసారి జాడించిన నీళ్లు శుభ్రంగానే ఉంటాయిగా, వాటిని తర్వాతి ఉతుక్కి వాడుకోండి. పైకప్పు రేకుల మధ్య నాలుగు అద్దం రేకులు వేయించండి, పగలు లైట్లతో పనుండదు.”

“ఇదంతా ఒకేసారి నా వల్ల కాదు. ముందు ట్యాంకు కట్టు. బిల్లు తగ్గితే మిగతావి కూడా నువ్వే చేద్దువుగాని.”

ఆమె ముఖం చింకి చేటంత అయింది. బయటికొస్తూ మనవాడితో అంది, “ఇది నా మొదటి సైటు తెలుసా! ఇది గట్టెక్కితే నన్ను పర్మనెంట్ చేస్తారు. లేదంటే మళ్లీ ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ల లెక్కలు టైపు కొట్టుకోవడమే.”

ట్యాంకు లేచింది. ట్యాంకు కడిగే రోజుల కోసం పక్కన ఒక వాల్వు పెట్టారు. అది తిప్పితే వేడినీళ్లు ట్యాంకులోకి రాకుండా పాతదారిలోనే కాలవలోకి పోతాయి. ఆ వాల్వుని గుర్తుంచుకోండి, మనవాడి కొంప ముంచింది అదే.

ఆమె ప్రతి బుధవారం వచ్చి గ్యాసు మీటరు రీడింగు రాసుకునేది. పనివాళ్లు ‘మీటరమ్మాయి’ అని పేరు పెట్టారు. మొదటి బుధవారం ఇద్దరూ ‘మీరు, మీరు’ అనుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు మనవాడు ఆమె చేతిమీద టీ ఒలకబోశాడు.

“కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?”

“నీ మీదే. అందుకేగా ఒలికింది.”

“అబ్బో! ఈ తెలివి బిల్లు తగ్గించడంలో చూపిస్తే నా అవసరమే ఉండేది కాదు.”

“అందుకే చూపించట్లేదు.”

ఆమె రీడింగు తప్పు రాసుకుంది. కొట్టేసి మళ్లీ రాసుకుంది. మంగళవారం సాయంత్రం నుంచే చిన్నసారు చొక్కాలకి ఇస్త్రీ బల్ల మీద చోటు కావాల్సి వస్తోందని పనివాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు.

బిల్లు నిజంగానే తగ్గసాగింది. ఒక బుధవారం ఆమె మీటరు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. “వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే రిపోర్టు ఇచ్చేస్తా. మీకిక నా బెడద ఉండదు!”

ఆ బెడదే కావాలి మనవాడికి. పని లేకపోయినా రా అంటే సరిపోయేది. నువ్వు రాని బుధవారం నాకొద్దు అన్నా సరిపోయేది. టీ ఒలకబోసినప్పుడు జోకులేసిన నోరు ఆ వేళ పెగల్లేదు. “ఓ... కంగ్రాట్స్” అన్నాడు. ఆమె ఒక క్షణం నిలబడింది, ఇంకేమైనా అంటాడేమోనని. తర్వాత గొడుగు తెరిచి వెళ్లిపోయింది.

ఆమె సందు మలుపు తిరగ్గానే వెళ్లి వాల్వు తిప్పాడు. ఒక్క వారమేగా అనుకున్నాడు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే మరి!

మళ్లీ బుధవారం పొద్దున్నే, ఆమె రాకముందే, వాల్వుని యథాస్థానానికి తిప్పేశాడు. ఆమె వచ్చి మీటరు చూసి తెల్లబోయింది. ట్యాంకు తడిమింది, వెచ్చగానే ఉంది. గొట్టం తడిమింది, అదీ వెచ్చగానే ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, గ్యాసు మాత్రం పాతరోజుల్లోలాగే మండింది.

“ఈ వాల్వు ఎవరూ ముట్టుకోలేదుగా?”

“దాన్నెవరు ముట్టుకుంటారు?”

ఆమె అతని ముఖంలోకి చూసి, నమ్మేసింది. సన్నటి జల్లులోనే ట్యాంకు మూత తీయించి, మోకాళ్ల మీద కూర్చుని, గొట్టానికి పట్టిన నూలు పీచంతా చేత్తో పీకి శుభ్రం చేసింది. అతను గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అంతసేపు ఆమె పక్కన ఎప్పుడూ నిలబడలేదు. సిగ్గులేని ఆనందం ఒకపక్క, ముల్లులా గుచ్చే బాధ ఒకపక్క. ఆనందమే గెలిచింది. ఆమె వెళ్లాక మళ్లీ వాల్వు తిప్పాడు.

ఆ తర్వాతి బుధవారానికి వాల్వు మళ్లీ యథాస్థానంలోనే ఉంది. ఆమె జోకులేయలేదు. టీ ముట్టలేదు. మీటరు చూసి నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్లింది.

“నా లెక్క తప్పింది సార్. ఎక్కడ తప్పిందో కూడా తెలియట్లేదు. రాత్రుళ్లు కూర్చుని ఎన్నిసార్లు వేసినా అదే వస్తోంది. సారీ. మా మేనేజరుకి చెప్పేశాను, ట్యాంకు ఖర్చు మా కంపెనీయే భరిస్తుంది.”

“పోనీలేమ్మా. పిల్లవి, ప్రయత్నం చేశావు” అన్నాడు పెద్దాయన.

ఆ ఓదార్పుకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మనవాడు గుమ్మంలోనే ఉన్నాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? విప్పలేదు. నాన్న ముందు ముఖం చెల్లక నీళ్లు నమిలాడు. ఆమె అతని పక్కనుంచే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాకా ఒక్క దుప్పటి లెక్కా సరిగ్గా చూడలేకపోయాడు. చివరికి వెళ్లి నాన్నకి అంతా చెప్పేశాడు.

పెద్దాయన చేతిలోని తడి దుప్పటి పక్కన పడేశాడు. “ఎంత పని చేశావురా! ఆ పిల్ల నా ఎదుట ఏడుపు ఆపుకుంటుంటే చూస్తూ నిలబడ్డావా? పద.”

చేతులు తుడుచుకుని, కొడుకుని వ్యానెక్కించి, ఆమె ఆఫీసుకి లాక్కెళ్లాడు. బడి ఎగ్గొట్టిన పిల్లాణ్ణి హెడ్మాస్టరు ముందు నిలబెట్టినట్టు మేనేజరు ముందు నిలబెట్టి, “చెప్పు” అన్నాడు. మనవాడు అక్షరం దాచకుండా చెప్పాడు. మేనేజరు ఆమెని పిలిపించాడు. నీ లెక్కలో తప్పేం లేదు, ఉద్యోగానికి ఢోకా లేదు అన్నాడు. పెద్దాయన మిగతా పనులన్నీ వీళ్లకే ఇస్తానన్నాడు. ఆమె ఇద్దరికీ థాంక్స్ చెప్పి బయటికొచ్చింది.

మెట్ల దగ్గర మనవాడు ఆమెని అందుకున్నాడు.

“నువ్వు రావడం మానేస్తావని భయమేసి చేశాను. నువ్వంటే నాకు... ప్రేమ. ముందే చెప్పాల్సింది.”

“మీటరు నెలకోసారి చూస్తే సరిపోతుంది” అంది ఆమె.

“ఏంటి?”

“మా ఆఫీసులో ఎవరైనా నెలకోసారే వెళ్తారు. నేను వారం వారం రెండు బస్సులు మారి ఎందుకొచ్చాననుకున్నావ్?”

ఆమె ఒక మెట్టు పైకెక్కి ఆగింది.

“ఆ రోజు ఒక్కసారి రమ్మంటావేమోనని గొడుగు తెరవకుండా నిలబడ్డాను. నువ్వు కంగ్రాట్స్ అన్నావు.”

“పొరపాటైంది. ఇప్పుడడుగుతున్నా, వస్తావా?”

“లెక్క తప్పిందంటే నాకు బాధ లేదు, ఎవరికైనా తప్పుతుంది. కానీ నేనిక దేనికీ పనికిరానని నమ్మేశాను. ఈ పని వదిలేద్దామనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని ఆ పీచు పీకుతుంటే పక్కన గొడుగు పట్టుకున్నావు చూడు, ఎంత మంచివాడో అనుకున్నాను. ఇక నువ్వు ఏం చేసినా, వెనకాల ఏం తిప్పి వచ్చావోననే అనుమానమొస్తుంది. అలా నేను బతకలేను.”

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. మిగతా పనులకి వేరే ఇంజనీరు వస్తాడని చెప్పి, కళ్లు తుడుచుకుని, మెట్లెక్కి వెళ్లిపోయింది.

కింద వ్యానులో పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. కొడుకు ఎక్కి కూర్చోగానే గొంతు తగ్గించి అన్నాడు.

“బంగారం లాంటి పిల్లరా. ఇంట్లో అమ్మకి నేను నచ్చజెప్తాలే. వాళ్ల నాన్నగారి నంబరు కనుక్కో, నేనే వెళ్లి మాట్లాడతాను.”

“వద్దు నాన్నా.”

“ఎందుకొద్దు? తప్పు ఒప్పుకున్నావుగా. ఏం, ఆ పిల్లకి నువ్వంటే ఇష్టం లేదా?”

“ఉండేది.”

పెద్దాయన కొడుకు భుజం మీద చెయ్యి వేసి, బండి స్టార్ట్ చేశాడు.