మూడో షెడ్డులో గురక

పాకాల పక్కన మా కోళ్ళఫారం. తొంభై ఎనిమిదిలో వానలు వదలకుండా పడతా ఉండిన రోజులవి. మొదటి షెడ్డులో కోళ్ళు తుమ్మినాయి, గుడ్లు కాస్త ముడతలు పడినాయి, అంతే, తేరుకున్నాయి. పశువుల డాక్టరు దామోదరం వచ్చి చూసి, "ఇది కోళ్ళకొచ్చే కరోనా వైరస్సమ్మా. ఒక కోడి నుంచి ఇంకో కోడికి పోయేకొద్దీ రూపు మార్చుకుంటాది. ఇప్పుడు తేలిగ్గా పోయిందని నమ్మొద్దు" అని చెప్పి పోయినాడు.

మా ఆయన దొరస్వామి వింటేనా. తేలిక జబ్బే కదా, అన్నిటికీ ఒకేసారి వచ్చిపోతే పీడా పోతుందని, ఆ కోళ్ళు తాగి మిగిల్చిన నీళ్ళు తీసుకోని పోయి రెండో షెడ్డులో పోసినాడు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉండాది. వారం తిరక్కుండా ఆ షెడ్డు ఖాళీ అయింది. గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్చినాం. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో షెడ్డులో నేను పసిబిడ్డల మాదిరి సాకిన పెట్టలుండాయి. అవన్నా దక్కాలని ఆయన్ను ఆ గడప తొక్కనియ్యలేదు.

పొద్దుగూకినాక లైట్లార్పి వినడం మా పద్ధతి. చీకట్లో కోళ్ళ సద్దు మణిగితే, జబ్బు తగిలిన కోడి రొమ్ములో గురక బాగా తెలుస్తుంది. ఆ పొద్దు నేనొక్కదాన్నే లోపలికి పోయి, తలుపు దగ్గరికేసి, లైటార్పినా. తడిసిన రెట్టల వాసన, దాణా వాసన. రేకుల మీద చినుకులు. గురక లేదు. అమ్మయ్య అనుకున్నా.

అప్పుడు ఆ చివర... గుర్ర్.

ఒక్క కోడి. సన్నగా. అది ఆగింది. పక్క బోనులోది అందుకుంది, కొంచెం బొంగురుగా. అదీ ఆగింది. ఆ పక్కది... ఇంకా లోతుగా. వరస పట్టుకోని నా వైపే వస్తా ఉండాది. ఒక్కో గొంతు దాటేకొద్దీ మారతా ఉండాది. సగం దూరం వచ్చేసరికి అది కోడి గొంతు కాదు. మనిషి దగ్గు... ఆడమనిషి దగ్గు.

నా మోచేతి పక్కనున్న ఆఖరి బోను దగ్గర ఆగిపోయింది.

బయట ఆయన అడుగుల చప్పుడు. కోళ్ళు బెదరకుండా గుసగుసగా అడిగినాడు.

"ఏమ్మే, ఎట్లుండాయి?"

రావద్దని అరవాలనుకున్నా. అరిస్తే నా నోట్లో నుంచి ఏం వస్తుందోనని భయమేసింది. రెండు చేతులతో నోరు మూసుకున్నా.

"బాగుండాయి... లోపలికి రాయ్యా."

నా గొంతే. నా మోచేతి పక్క నుంచి వచ్చింది.

"ఇన్నాళ్ళకు కోపం తగ్గిందా నీకు" అంటా, సంతోషంగా తలుపు తోసినాడాయన.