రెండు కుర్చీలు తక్కువ

వాళ్ళిద్దరి పరిచయమే తగువుతో మొదలైంది. ఒకటో తరగతి గదిలో బోర్డు బిగించడానికి వచ్చిన వడ్రంగి, దాన్ని మరీ కిందికి బిగించాడు. పంతులమ్మ నడుం వంచి రాయాల్సి వచ్చింది. ఇదేం కొలతండీ అని ఆమె విరుచుకుపడితే, అతను మెడలో వేలాడుతున్న టేపు సవరించుకుని, "చదివేవాళ్ళ ఎత్తు కొలిచానండీ. రాసేవాళ్ళని కొలవలేదు" అన్నాడు. ఆమె కోపం కాస్తా నవ్వైపోయింది. ఆర్నెల్లకి పెళ్ళయింది.

పెళ్ళికి ముందే ఒప్పందం చేసుకున్నారు, పిల్లలు వద్దని. ఆ రోజుల్లో అందరూ అదే అనుకుంటున్నారు. అతనికి ఉయ్యాల ఆర్డరొచ్చి మూడేళ్ళయింది. అత్తగారు మాటంటే మాటే అనే మనిషి. ఆ ఊసెత్తనని ఒప్పుకున్నాక, నాలుగేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు. ఈమధ్య పంతులమ్మకి అదే పెద్ద బాధ అయిపోయింది. మనసు మారిందని చెప్పాలంటే ఎవరో ఒకరు అడగాలి కదా!

ఆ ఏడు ఒకటో తరగతిలో చేరింది ఇద్దరే. వాళ్ళని రెండో తరగతిలో కలిపేసి, గదికి తాళం వేశారు. అందులోని ఇరవై బుల్లి కుర్చీలూ పెద్దవాళ్ళ క్లబ్బుకి ఇచ్చేశారు. దాని సెక్రటరీ అత్తగారే. సీట్లు వెడల్పు చేసి, కాళ్ళు పొడిగించే పని మొగుడికి వచ్చింది.

బండి ఎక్కించేటప్పుడు పంతులమ్మ ఒక నీలం కుర్చీని మెల్లగా పక్కకి లాగేసింది. దుప్పట్లో చుట్టి ఇంట్లో అటక మీద పెట్టింది. ఎందుకని అతను అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఒప్పందం తనే తప్పితే అతని ముఖం ఎలా మారుతుందోనని ఆమె భయం.

వారం తర్వాత అత్తగారి ఫోన్.

"కుర్చీలు బాగున్నాయమ్మా. కానీ పద్దెనిమిదే వచ్చాయి. రెండు తక్కువ."

ఒకటి తెలుసు. మరి రెండోది? ఆమె తిన్నగా వర్క్‌షాపుకి వెళ్ళింది. చెక్కపలకల చాటున కూర్చుని అతను ఒక ఎర్ర కుర్చీ అంచుల్ని, గుచ్చుకోకుండా, నున్నగా రుద్దుతున్నాడు. దాని కాళ్ళు పొట్టిగా అలాగే ఉన్నాయి. ఆమెని చూసి దొంగలా లేచాడు.

"దీని కాళ్ళు పొడిగించడానికి చేతులు రాలేదు" అన్నాడు. "వద్దనుకున్నాం, గుర్తుంది. నువ్వు కాదంటే రేపే ఇచ్చేస్తాను. కానీ నాకు మనింట్లో పసివాళ్ళు కావాలనుంది. ఏడాదిగా అడగడానికి భయపడుతున్నాను."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొలతలో వెంట్రుకవాసి తేడా పట్టేసే మనిషి, ఏడాదిగా తన ముఖంలో ఏమీ పట్టుకోలేకపోయాడు.

"నీకు ఎన్ని వచ్చాయి?"

"పంతొమ్మిది. ఒకటి స్కూల్లో విరిగిందనుకున్నాను."

"విరగలేదు. మన అటక మీదుంది."

అతని ముఖం విప్పారిన తీరు చూసి ఆమె తల దించుకుంది. అయినా మనసులోని మాట దాచుకోలేదు. కని పెంచితే సరిపోతుందా, పిల్లలెవరూ లేని వీధిలో పాపకి ఆడుకోవడానికి తోడెవరుంటారని అడిగింది.

"రెండో కుర్చీ ఉందిగా" అన్నాడు అతను.

ఆమె అతని మెడలోని టేపు పట్టుకుని లాగింది. ముందు ఒకదాని సంగతి చూద్దాం అంది.

సాయంత్రం ఇద్దరూ క్లబ్బుకి వెళ్ళి, తప్పు చేసిన పిల్లల్లా ఒకరి తర్వాత ఒకరు జరిగిందంతా చెప్పేశారు. కుర్చీలు తెచ్చిచ్చేస్తామన్నారు. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తను కూర్చున్నదీ ఆ పద్దెనిమిదిలో ఒకటే. అందులోంచి లేచి, దాన్ని కోడలి వైపు జరిపింది.

"నువ్వు కూర్చోమ్మా" అంది. "ఆ రెండూ మాత్రం తిరిగి తేకండి. మేం నిలబడతాంలే."