మూలమంచం

మిర్యాలగూడ తోవలో ఒకప్పుడు రాళ్ల దవాఖాన అని ఒకటుండేది. రాతిగోడలు, పెంకుల కప్పు, ఒకటే పొడుగాటి గది. ఆ గదిలో మూలకున్న ఇనుప మంచానికి చెడ్డపేరు. దాని మీద పండుకున్నోళ్లు నడిరాత్రి ఎవరో పట్టి గుంజినట్టు కింద పడేవాళ్లట...

తండా నుంచి వచ్చిన తులసీరాంకు భుజం విరిగింది.  నడుమెత్తు మంచం, కింద నల్లబండలు — పడితే మాటలా?

పడకుండా డాక్టరు ప్రతి మంచానికీ పక్కలకు, తలవైపు సగం దాకా అడ్డపలక కొట్టించాడు. దిగడానికి కాళ్లవైపు ఖాళీ వదిలాడు. మిగతా మంచాల మీద ఎవరూ పడలేదు. మూలమంచం మీద మాత్రం, పలక కొట్టినా పడ్డారు. మైసయ్య అనే ముసలాయనకు తుంటి విరిగి, ఆయన మళ్లీ లేవనే లేదు. అంతే, ఆ మాట కోదాడ దాకా పాకింది. ఆ మంచం కింద ఒకతి ఉందనీ, పలకను దాటి చెయ్యి చాపుతుందనీ...

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. పాలకీడు నుంచి ఉప్పలమ్మ అనే నిండు చూలాలిని భర్తా తల్లీ ఎడ్లబండిలో తెచ్చారు. కాళ్లూ మొహం వాచిపోయి, తోవలో ఒకసారి ఫిట్సు కూడా వచ్చింది. దవాఖానలో ఖాళీగా ఉన్నది మూలమంచం ఒక్కటే.

"గా మంచమైతె మాకొద్దు సారూ," అన్నాడు ఆమె భర్త యాదగిరి. "బండి గట్టుకోని ఇంటికి పోతం."

"బండిలో మళ్లా ఫిట్సొస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు," అన్నాడు డాక్టరు. "ఇక్కడ పడ్డా అంతే, జాగ్రత్త."

అప్పుడు ముందుకొచ్చింది జానమ్మ. రాత్రి కాపలా ఉండే ఆయా. ఇరవై దాటని పిల్ల. కాటుక పెట్టకుండానే పెట్టినట్టుండే కళ్లు. పోయి ఆ మూలమంచం మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది.

"ఏడున్నది అన్నా నీ దెయ్యం? జర పిలువు, నేను గూడ సూస్త."

"పగటిపూట అందరూ గిట్లనే మాట్లాడ్తరు చెల్లే."

"రాత్రికి గూడ గీడనే ఉంట. అది చెయ్యి సాపిందనుకో, గా చెయ్యి ఇరగ్గొట్టి నీకే ఇస్త. సరేనా?"

యాదగిరి నవ్వలేదు. కానీ ఎడ్లను విప్పి కట్టేశాడు.

ఆ రాత్రి... వెన్నెల కిటికీలోంచి పాలు ఒలికినట్టు బండల మీద పరుచుకుంది. మూలకు మాత్రం రాలేదు. తోడొచ్చినవాళ్లందరినీ వరండాలో పండుకోమని, జానమ్మ కందిలి వత్తి తగ్గించి అల్మారా చాటున చీకట్లో కూర్చుంది.  భయపడితే దెయ్యం గెలిచినట్టే — పళ్లు బిగబట్టి అలాగే చూస్తూ ఉంది.

ఎంతసేపైందో...

కిర్ర్...

మంచం మూలిగింది.

తెల్లగా ఏదో, మంచం మీదికి వంగి ఉంది. చప్పుడు లేదు. ఉప్పలమ్మ తల దిండు మీంచి మెల్లగా లేచింది... పక్కకు జరిగింది... అడ్డపలక దాటి, ఖాళీ వైపు... ఖాళీ వైపు...

 జానమ్మ లేచింది. ఒక్క ఉరుకులో పోయి ఆ తెల్లటిదాని చెయ్యి పట్టుకుంది. చల్లగా, ఎముకలు ఎముకలుగా ఉంది ఆ చెయ్యి.

"ఎవతివే నువ్వు? ఈ పిల్లను ముట్టినవంటే మంచిగుండదు."

"మెల్లగ బిడ్డా... మెల్లగ. నేనే."

ఉప్పలమ్మ తల్లి. ఆండాళు.

"నువ్వేం చేస్తున్నవ్ పెద్దమ్మా గీడ?"

"ఉత్తరం దిక్కు తల పెట్టి పండబెట్టిన్రు గదనే. నిండు మనిషిని గట్ల ఎవలన్న పండబెడ్తరా? జర తిప్పుతున్న. పొద్దుగాల డాక్టరు సూడకముందే మల్ల మలుపుత."

క్రైస్తవుల ప్రార్థన ఇంట్లో పెరిగిన జానమ్మ దిక్కుల సంగతి ఎన్నడూ పట్టించుకోలేదు. కందిలి ఎత్తి చుట్టూ చూసింది. మిగతా మంచాలన్నీ తూర్పు తల. అల్మారా తలుపుకు అడ్డమని ఇదొక్కటే గోడ వెంబడి, ఉత్తరం తల.

"ఇంతకుముందు పండినోళ్లు గూడ...?"

"అందరు గట్లనే తిప్పుకున్నరంట. వరండల చెప్పుకుంటున్నరు. మీకు జెప్తె తిడ్తరని జెప్పలె."

అంటే పలక కాళ్ల దగ్గర. తల దగ్గర ఉత్త ఖాళీ. ఊళ్లో మోకాలెత్తు నులక మంచాల మీద పొర్లి పొర్లి పండుకునే మనుషులు, నిద్రలో ఒక్కసారి మెసిలితే చాలు...

జానమ్మకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఒక ముసలాయన పోయింది దీనికా?

"మనిషిని తిప్పుడెందుకు పెద్దమ్మా, మంచాన్నే తిప్పుదాం. తూర్పు తల చేద్దాం."

"డాక్టరు..."

"డాక్టరుకు నేను చెప్త."

ఉప్పలమ్మను లేపి, మెల్లగా దింపి చాప మీద కూర్చోబెట్టారు. జానమ్మ కందిలిని దూరంగా జరిపి, మంచం తలవైపు పట్టుకుంది. "పట్టు పెద్దమ్మా," అంది. చీకట్లో అవతలి కొస లేచింది. ఎంత తేలిగ్గా లేచిందంటే, బండల మీద రాపిడి కూడా కాలేదు. మంచం చక్కగా తిరిగి మిగతావాటి వరుసలో నిలబడింది.

తెల్లవారుజామున ఆ మంచం మీదే ఉప్పలమ్మ ఆడపిల్లను కన్నది. ఇద్దరూ క్షేమం.

పొద్దున డాక్టరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "అల్మారా తలుపు సగమే వస్తుంది. దీన్నెవరు జరిపారు?"

"నేనే సారూ." జానమ్మ సంగతంతా చెప్పింది.

 డాక్టరు మంచం కోడు పట్టి ఎత్తబోయాడు. కదల్లేదు. యాదగిరి వచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ మొహాలు ఎర్రబడేదాకా గుంజితే, ఒక కొస వేలెడంత లేచి దబ్బున పడింది.

"ఒక్కదానివే ఎట్లా తిప్పావు?"

"ఆండాళు పెద్దమ్మ పట్టింది గద అవతల."

ఆండాళు మనవరాలి మీంచి తలెత్తింది. "నేనెక్కడ పట్టిన్నే? ఉప్పలమ్మ కళ్లు తిరుగుతున్నయంటె, చాప మీద దాన్ని ఒళ్లోకి తీస్కోని కూసున్న. నీకెవలో తోడొచ్చిన్రనుకున్న..."

 యాదగిరి మంచం మీంచి చెయ్యి తీసేశాడు.

జానమ్మ ఒళ్లు జలదరించింది. అది దాచుకోవడానికి కొంగు నడుముకు బిగించి, పోయి మంచం ముందు నిలబడింది.

"ఎవలైతేంది," అంది. "పట్టినోళ్లు మంచిగనే పట్టిన్రు. మంచం మాత్రం గీడనే ఉంటది సారూ. మీరు అల్మారా జరుపుకోండ్రి."