ఆరేళ్ల కిందటి దుప్పటి

జైల్లో ఉన్నవాడికి వెచ్చని దుప్పటి ఇవ్వడం దయా, లేక తప్పుకు తలూపడమా? ఆరేళ్లుగా ప్రభుదాస్‌ను వదలని సందేహం అది.

ఒక క్రిస్మస్‌కు ముందు, ఖైదీల కోసం ఇంటికో దుప్పటి ఇమ్మని పాస్టరు గారు అడిగారు. "దొంగలకు చలి తగలాలండి, అప్పుడే బుద్ధొస్తుంది" అని సంఘంలో అందరినీ నవ్వించాడు ప్రభుదాస్. తర్వాత సిగ్గుపడి, వచ్చే ఏడాది ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

ఇప్పుడు ఆయన కొడుకు బెన్నీయే జైల్లో ఉన్నాడు. ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలిప్పిస్తానని నలభై మందిని ముంచాడు.

ఆ ఉదయం నల్లగండ్ల ఫ్లాట్‌లో, భర్త కాఫీ గ్లాసు పక్కన రెబెక్కా ఒక కాగితం పెట్టింది.

"సంతకం పెట్టండి. చిన్నప్పటి నుంచీ వాడికి నడుము నొప్పి అని లాయరు గారు రాశారు. ఇది చూపిస్తే మంచం, పరుపు అడగొచ్చట."

"వాడికి నడుము నొప్పి ఎప్పుడుందే?"

"గచ్చు మీద పడుకుంటే రాదా? కన్నతండ్రేనా మీరు?"

బెల్ మోగింది. వాచ్‌మన్ రాములు. చర్చిలో వాళ్ల వెనక వరసలోనే కూర్చుంటాడు. కూతురు కళ్యాణి ఉద్యోగం కోసం ఆటో అమ్మిన డబ్బు బెన్నీకిచ్చాడు.

"పోలీసులు గీ వీడియో ఇయ్యమంటున్నరు సార్. మీకు చెప్పకుంట ఇచ్చుడు మంచిగుండదని వచ్చిన."

ఫోన్‌లో ఉన్నది ప్రభుదాసే. కళ్లు తుడుచుకుంటూ, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతున్నాడు. "దేవుడు నా బిడ్డ చేత ఎన్నో ఇళ్లలో వెలుగు నింపుతున్నాడు..."

"అందరికీ గిదే పంపిండు సార్. నేను బెన్నీ బాబును జూసి ఇయ్యలే. మిమ్ముల జూసి ఇచ్చిన."

అప్పట్లో చర్చిలో చెప్పింది సరిగ్గా రికార్డు కాలేదని బెన్నీ తండ్రిని ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టి అంతా మళ్లీ చెప్పించాడు. "ఇంకొంచెం నిదానంగా నాన్నా" అన్నాడు కూడా. కొడుకు తన మాటలు దాచుకుంటున్నాడని ఆయన మురిసిపోయాడు.

"ఇచ్చెయ్ రాములూ" అన్నాడు. సంతకం పెట్టకుండానే కాగితం మడిచి రెబెక్కా చేతిలో పెట్టాడు. వీడియో ఆమె కూడా చూసింది. కాగితం తీసుకెళ్లి సొరుగులో పెట్టేసింది.

జైలు ములాఖత్‌లో అద్దం అవతల బెన్నీ ఫోన్ ఎత్తాడు.

"సంతకం పెట్టారా నాన్నా?"

"కిటికీ దగ్గర నన్ను ఏడిపించింది అందుకేనా?"

బెన్నీ తల దించుకున్నాడు. "నన్నెవరూ నమ్మలేదు. మీరు చెబితే నమ్ముతారని..."

"దేవుడి ముందు చెప్పిన మాటరా అది. దాన్నీ అమ్ముకున్నావా?"

బెన్నీ చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ప్రభుదాస్ అద్దానికి దగ్గరగా జరిగాడు.

"అబద్ధం చెప్పి నిన్ను మంచమెక్కించను. బయటికొచ్చాక రాములు ముందుకు నువ్వే వెళ్లాలి. నేనూ వస్తాను. వాడు నమ్మిన నోరు నాదే కదా."

"వస్తాను నాన్నా." అన్నాడు బెన్నీ. "నాకు స్వెట్టరుంది. పక్కన ముసలాయనకు అదీ లేదు. తెల్లవార్లూ వణుకుతూనే ఉంటాడు."

సంఘంలో ఆనాటి నవ్వులు ప్రభుదాస్ చెవుల్లో మోగాయి. కొడుక్కి బుద్ధి తెచ్చి తల దించుకునేలా చేసింది చలి కాదు. ఆ సంగతి ఆయన ఇప్పుడే కళ్లారా చూశాడు.

ఆదివారం ఆరాధనయ్యాక మందపాటి దుప్పటి తెచ్చి పాస్టరు గారి చేతిలో పెట్టాడు. రెబెక్కా పక్కనే నిలబడింది.

"బెన్నీకా అండి?"

"కాదయ్యగారూ, ఆరేళ్ల కిందటి నా బాకీ. అక్కడ ఎవరు ఎక్కువ వణుకుతుంటే వాళ్లకివ్వండి."