రాయబారి గారి పద్నాలుగో అధ్యాయం

"ఏడు నవలలూ చదివావా?" అడిగారు పెద్దాయన.

"చదివానండీ."

"ఎలా ఉన్నాయి?"

"శత్రువుల ఏజెంటు దొరికితే కొట్టక్కర్లేదండీ. ఇవి చదివిస్తే చాలు, మూడోదానికే అన్నీ కక్కేస్తాడు."

పెద్దాయన నవ్వలేదు. ఎదుట కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంటులో అందరూ గుమాస్తా అంటారు. క్యూలో అతని వెనక గంటసేపు నిలబడ్డవాడికి కూడా అతని మొహం గుర్తుండదు. అదే అతని అర్హత. వారం రోజులుగా ఆ నవలలు చదివి అతనికి అన్నం సయించడం లేదు.

వాటిని రాసింది ఒక మాజీ రాయబారి. ముప్పై అయిదేళ్ళు దేశాలు తిరిగి, రిటైరయ్యాక చారిత్రక నవలల మీద పడ్డాడు. ప్రతి పుస్తకం వెనక అట్టమీద ఆయన ఫొటో, ముందు అట్టమీది రాజుగారి బొమ్మకన్నా పెద్దది.

"ఎనిమిదోది శుక్రవారం పదకొండింటికి విడుదల," అన్నారు పెద్దాయన. "అచ్చుకాగితాలు తెప్పించి చూశాను. అందులో పద్నాలుగో అధ్యాయం విను. శత్రురాజు కోటలో ఒక వంటావిడ. విందుకి ఎవరెవరు వచ్చిందీ భోజనాల బల్ల మీది చేతిగుడ్డలు మడతపెట్టే తీరులో చెప్పి, ఉతికే బట్టల మూటలో బయటికి పంపుతుంది."

గుమాస్తా మొహం మాడిపోయింది. "మన పిన్ని కదండీ!"

పిన్ని అన్నది కోడ్ పేరు. ఊళ్ళో ఉన్న ఒక విదేశీ దౌత్య కార్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తున్న మనిషి. ఇప్పటికీ చేస్తోంది, ఇప్పటికీ మడతపెడుతోంది.

"మాజీగారు రిటైరయ్యే ముందు రెండేళ్ళు పిన్ని రిపోర్టులు ఆయన టేబుల్ మీదికే వెళ్ళేవి," అన్నారు పెద్దాయన. "ఉద్యోగమంతా అబద్ధాలాడి నెగ్గుకొచ్చిన మనిషి, కథలో మాత్రం ఒక్క అబద్ధం పుట్టించలేడు. గుర్రాలూ తలపాగాలూ తీసేస్తే మిగిలేవి మన ఫైళ్ళే."

"ఇది అవతలివాళ్ళకి తెలుసాండీ?"

"సగం. టీ తాగుతూ తన అనువాదకురాలి దగ్గర గొప్పలు పోయాడు. పద్నాలుగో అధ్యాయం నిజంగా జరిగిందనీ, ఆ కార్యాలయం వాళ్ళకి ఈనాటికీ తెలీదనీ. పేజీలు మాత్రం చూపించలేదు. ఆవిడ ఆ ముక్కని పొద్దున వాళ్ళ సాంస్కృతిక కార్యదర్శికి అమ్మింది. మధ్యాహ్నం నాకూ అమ్మింది."

"ఛీ!" అన్నాడు గుమాస్తా. "పిన్నిని ఇవాళే బయటికి లాగేద్దామండీ."

"ఇవాళ బుధవారం. ఆదివారం దాకా ఆవిడ గేటు దాటదు. మనం కబురు పంపాలన్నా మూట వచ్చేది శనివారం."

"ఆయన్నే మార్చమంటే?"

"అడిగాను. చరిత్రని దిద్దడానికి నువ్వెవడివన్నాడు. అసలు సంగతి చెబితే దాన్నీ ఇంకో అధ్యాయం చేస్తాడు." పెద్దాయన కళ్ళజోడు తీశారు. "పుస్తకాలు బైండింగు షాపులో ఉన్నాయి. పనివాడిగా చేరు. ఆ అధ్యాయం ఉన్న పదహారు పేజీల కట్ట పీకేసి వేరేది పెట్టు."

"వేరేది ఎవరు రాస్తారండీ?"

"ఆ ఏడూ చదివినవాడివి నువ్వొక్కడివే కదయ్యా."

గుమాస్తా జీవితంలో చాలా నీచమైన పనులు చేశాడు గానీ ఇంతకు దిగజారలేదు. మాజీ రాయబారి శైలి పట్టుబడడానికి అద్దం ముందు నిలబడి గంటసేపు తనను తాను మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కలం ఆగలేదు. డిపార్ట్‌మెంటు ప్రెస్సు దాన్ని గురువారం పొద్దుటికి అచ్చువేసింది. సాయంత్రానికి కుట్టి అంటించడం పూర్తయింది.

"తొమ్మిదొందల తొంభై తొమ్మిది," అన్నాడు షాపు యజమాని.

"వెయ్యి కదా?"

"ఒకటి అయ్యగారు సోమవారమే పట్టుకుపోయారు బాబూ. స్టేజీ మీద ఆయనే చదువుతార్ట."

ఆ ఒక్కదానిలో వంటావిడ అలాగే ఉంది.

శుక్రవారం ఉదయం హాలు నిండిపోయింది. గుమాస్తా పెట్టుడు మీసంతో, మైకూ మంచినీళ్ళూ చూసే పనివాడుగా స్టేజీ పక్కన నిలబడ్డాడు. మొదటి వరసలో సాంస్కృతిక కార్యదర్శి నోటుబుక్కు తెరిచి కూర్చున్నాడు. అనువాదకురాలు ఎప్పటిలాగే ఆకుపచ్చ పట్టులో వచ్చింది. చూస్తే కళ్ళు తిప్పుకోలేని అందం. ఆమె సెంటు మూడు వరసలు దాటి అతని ముక్కుకి కొట్టింది.

"ఈ గడియారం సరిగ్గా నడుస్తోందా?" అంది. అది కోడ్.

"అయిదు నిమిషాలు వెనక," అన్నాడు.

ఆమె గొంతు తగ్గించి, ఎప్పుడూ అనే మాటే అంది. "నేను మీ పక్షమే."

"ఇప్పటికా?"

"ఇప్పటికి. ఆయన చదివీ చదవగానే వాళ్ళు ఆఫీసుకి ఫోన్ కొడతారు. ఎవరో గానీ, పాపం." చెవి కమ్మ సర్దుకుని వెళ్ళి కూర్చుంది. గుమాస్తాకి నోరు కడుక్కోవాలనిపించింది.

మాజీ రాయబారి శాలువా సవరించుకుని మైకు ముందుకొచ్చి, తన పుస్తకం తెరిచాడు. "పద్నాలుగో అధ్యాయం," అన్నాడు. "శత్రురాజు కోటలో..."

కార్యదర్శి పెన్సిలు కాగితం మీద ఆనింది.

గుమాస్తా జేబులోని కలం తీసి ఆ పేజీకి గురిపెట్టాడు. మీట నొక్కితే అయిదడుగుల దూరానికి చప్పుడు లేకుండా సిరా చిమ్ముతుందని ల్యాబు వాళ్ళు ఒట్టేసి చెప్పారు. నొక్కాడు. చప్పుడు లేని మాట నిజమే. సిరా కూడా లేదు. ల్యాబుని మనసులోనే తిట్టి, మంచినీళ్ళ కూజా ఎత్తుకుని స్టేజీ ఎక్కి, కాలు తట్టుకున్నట్టు తూలి, కూజాడు నీళ్ళూ పుస్తకం మీద కుమ్మరించాడు.

"వెధవా! కళ్ళు కనపడ్డం లేదూ?"

"తప్పయిపోయిందయ్యా. ఇదిగోనయ్యా, కొత్తది." పక్కనున్న కట్టలోంచి ఒక పుస్తకం అందించి, తడిసినదాన్ని చంకలో పెట్టుకున్నాడు.

మాజీ రాయబారి విసురుగా పేజీలు తిప్పి, మొదటినుంచీ చదివాడు. ఈసారి కోటలో వంటశాల లేదు. ఆకుపచ్చ పట్టు కట్టి, మాటలు తర్జుమా చేసే ఒక దుబాసీ ఉంది. ఒకే రహస్యాన్ని పొద్దున ఒక రాజుకీ మధ్యాహ్నం ఇంకో రాజుకీ అమ్ముతోంది. ఇద్దరికీ "నేను మీ పక్షమే" అంటోంది.

నాలుగో పేరా మధ్యలో ఆయన ఆగాడు. పేజీని దగ్గరగా చూశాడు. ఇంకొంచెం దగ్గరగా చూశాడు. గుమాస్తా మీసం కింద చెమట పట్టింది. ఇది నేను రాయలేదని ఆయన ఒక్కమాటంటే పిన్ని బతుకు సాయంత్రం దాకా కూడా ఉండదు.

ఆయన కళ్ళజోడు తీసి, శాలువా అంచుతో తుడుచుకున్నాడు.

"ఈ వాక్యం రాసిన రోజు నేను అన్నం తినలేదు," అన్నాడు గద్గదంగా. హాలంతా చప్పట్లు.

గుమాస్తాకి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. అయినా ఊపిరి పీల్చుకున్నాడు.

కార్యదర్శి రాయడం మానేశాడు. మెల్లగా తల తిప్పి ఆకుపచ్చ పట్టు వైపు చూశాడు. అధ్యాయం అయ్యేసరికి ఆ కుర్చీ ఖాళీ. పక్క తలుపు దగ్గర ఆమె గుమాస్తా మోచెయ్యి పట్టుకుంది. సెంటు చెమటలో కలిసి వాసనేస్తోంది.

"నన్ను చంపేస్తారు. మీతో తీసుకెళ్ళండి."

"వ్యాను వెనకుంది, ఎక్కు," అన్నాడు. ఆమె చెయ్యి విడిపించుకుని, మోచెయ్యి చొక్కాకి రుద్దుకున్నాడు.

ఆ మధ్యాహ్నం దౌత్య కార్యాలయంలో వంటింటి వైపు ఎవరూ చూడలేదు. శనివారం మూట వచ్చింది. ఎనిమిది గుడ్డలూ మడతల్లో ఉన్నాయి. విందుకి ఎనిమిదిమంది, అంతా క్షేమం.

ఆదివారం పెద్దాయన పేపరు టేబుల్ మీద పెట్టారు. విమర్శకుడు ఇలా రాశాడు: "ఏడు నవలల పాటు నిద్రపుచ్చిన ఈ రచయిత ఎట్టకేలకు మేల్కొన్నాడు. పద్నాలుగో అధ్యాయం ఒక్కటీ నిలుస్తుంది."

"ఈ ఏటి సాహిత్య బహుమతి దానికేనట," అన్నారు పెద్దాయన.

"ఆయన తీసుకుంటున్నాడాండీ?"

"ఉపన్యాసం కూడా రాసుకున్నాడు. ఆ అధ్యాయం తనకి కలలో కనిపించిందట."

గుమాస్తా కాగితం తీసుకుని బదిలీకి దరఖాస్తు రాశాడు. ఎడారైనా మంచుకొండైనా సరే, పుస్తకాల షాపు లేని చోటైతే చాలని రాసి, ఆ ముక్క కింద రెండు గీతలు గీశాడు.

పెద్దాయన అంతా చదివి, సంతకం పెట్టకుండా వెనక్కి తోశారు. "శైలి బాగుందయ్యా. తొమ్మిదోది మొదలెట్టాట్ట. నువ్వు ఊళ్ళోనే ఉండు."