గుర్రం మూలలో పలకని మనిషి

మా సరస్సుకు ఉత్తరపు కొసన ఒక వంపు ఉంది. దాన్ని గుర్రం మూల అంటారు. చలికాలంలో సరస్సంతా గడ్డకట్టి, మీద లారీలు నడిచేంత గట్టిపడినా సరే, చీకటి పడ్డాక ఆ మూలకు మాత్రం ఎవరూ పోరు.

మా తాతగారి రోజుల్లో కాల్లె అనే ఆయన దుంగల బండితో, గుర్రంతో సహా అక్కడ మునిగిపోయాడు. గుర్రం దొరికింది. కాల్లె దొరకలేదు. అప్పటినుంచీ ఆ మంచు మీద ఎవరైనా ఒంటరిగా చిక్కుకుంటే... ఒడ్డు వైపు నుంచి ఒక మనిషి నడిచి వస్తాడని చెప్పుకుంటారు. నిలువెల్లా తెల్లగా ఉంటాడట. మాట్లాడడట.

"అలాంటివాడు ఎదురైతే 'దేవుని శాంతి' అని పలకరించి చూడండి," అనేది మా నానమ్మ. "బతికున్నవాడు తిరిగి చెప్తాడు. చచ్చినవాడి నోట ఆ మాట రాదు."

ఇది మా రేనో చిన్నాన్నకు జరిగింది. ఆయన నోటనే విన్నాను. నేనొక్కదాన్నే కాదు, మా చర్చి మొత్తం విన్నది.

చర్చి అంటే ఒక మాట చెప్పాలి. ఫిన్‌లాండ్ నుంచి ఈ మిషిగన్ రాగి గనులకు వచ్చిన మా పెద్దలందరిదీ ఒకప్పుడు ఒకే చర్చి. నేను పుట్టకముందే అది రెండుగా చీలింది. ఆదివారం పిల్లలకు విడిగా బడి పెట్టాలా వద్దా అన్నది గొడవ. మనం పెట్టాలన్నామా, వద్దన్నామా అని ఇప్పుడు అడిగితే మా పెద్దవాళ్ళు కాసేపు ఆలోచించుకుంటారు, పాపం. కానీ ఒక్కటి మాత్రం ఎవరూ మరిచిపోలేదు. 'దేవుని శాంతి' అన్నది మనవాళ్ళు మనవాళ్ళకే చెప్పుకునే మాట. అవతలి చర్చివాళ్ళు ఎదురైతే తల ఊపి పోవడమే. వాళ్ళూ అంతే.

ఆ రోజు శనివారం. జనవరి నెల, ఐదింటికే చీకటి. మంచు కింద వేసిన వలలు చూసుకుని చిన్నాన్న తన లావు టైర్ల నాలుగు చక్రాల బండి మీద వస్తున్నాడు. ఇంట్లో ఐలి పిన్ని ఆవిరి స్నానానికి పొయ్యి రాజేసి ఉంచింది. శనివారం ఆరు దాటితే మా ఇళ్ళలో పని ముట్టుకోరు. అప్పటికే ఆలస్యమైంది. చుట్టు తిరిగి వెళ్తే గంట పడుతుంది...

అడ్డంగా గుర్రం మూల మీదకు తిప్పాడు.

సగం దూరం వచ్చాక బండి మూలిగింది. ఆగింది. కుంగింది.

మంచుగడ్డ విరగలేదు. అంతకన్నా మాయదారి పని జరిగింది. పైన పడ్డ కొత్త మంచు బరువుకు గడ్డ అణిగి, పగుళ్ళలోంచి నీళ్ళు పైకి ఉబికాయి. ఉబికి, ఆ మంచు కిందే దాక్కున్నాయి. చూడబోతే ఉతికి పరిచిన దుప్పటి. కాలు పెడితే మోకాలి లోతు చల్లటి జావ. నాలుగు చక్రాలూ అందులో దిగబడ్డాయి.

దిగి చూద్దామని కాలు మోపాడు — బూట్లలోకి నీళ్ళు.

గాలి లేదు. సున్నాకు పాతిక డిగ్రీల కింద ఉంది చలి. ఇంకో గంట ఆగితే ఆ జావ చక్రాలను పట్టుకుని రాయి అయిపోతుంది, వసంతం దాకా బండి అక్కడే. బండి పోతే పోయింది... ఇల్లు ఎనిమిది కిలోమీటర్లు. తడి కాళ్ళతో అంత దూరం నడిస్తే మనిషి చేరినా వేళ్ళు చేరవు. అసలు మనిషి కూడా చేరకపోవచ్చు.

దీనికొక పద్ధతి ఉంది. బండికి ముందు, గట్టి గడ్డ ఉన్నచోట ఏటవాలుగా కన్నం పొడవాలి. అందులో గునపం దిగేసి, బండి ముందున్న మర నుంచి ఇనప తాడు తీసి దానికి తగిలించాలి. మర తాడును చుట్టుకుంటుంటే బండి తనను తానే లాక్కుంటుంది. చిన్నాన్న కన్నం పొడిచాడు. బాగానే పొడిచాడు. కానీ మొద్దుబారిన చేతులు... కిందికంటా తెగిన కన్నం...

గునపం జర్రున జారింది. బుడుంగుమంది. అంతే.

కిలోమీటరు దూరాన ఒడ్డు మీద ఒకే ఒక్క దీపం. ఉర్హోగారి ఇల్లు. అవతలి చర్చి.

"వెళ్ళి తలుపు తట్టొచ్చుగా చిన్నాన్నా?" అని అడిగేవాళ్ళం.

"తట్టి? తల ఊపాలా?" అనేవాడు.

అలా ఆ దీపాన్ని చూస్తూ, వెళ్ళకుండా, బండిని భుజంతో నెడుతూ ఉన్నాడు. ముఖానికి కట్టుకున్న ఉన్ని గుడ్డ ఊపిరి తేమకు గడ్డకట్టింది. బండి దీపం ఎర్రబడుతోంది...

కరక్.

మంచు మీద అడుగు.

కరక్... కరక్...

ఒడ్డు వైపు నుంచి. దీపం లేదు. తల నుంచి నడుము దాకా తెల్లగా ఉంది ఆకారం. ముఖం ఉండాల్సిన చోట మంచు. చేతిలో పొడుగాటి ఇనుము.

పది అడుగుల దూరంలో ఆగింది.

"దే... దేవుని శాంతి," అన్నాడు చిన్నాన్న. పళ్ళు టకటకలాడుతున్నాయి.

పలకలేదు.

"దేవుని శాంతి!"

ఆకారం ఒక అడుగు వెనక్కి వేసింది.

మూడోసారి ఏడుపు గొంతుతో అరిచాడట. ఆ మూల మొత్తం మార్మోగింది. జవాబు లేదు.

"అప్పుడు తెలిసిందమ్మా," అనేవాడు, గొంతు తగ్గించి. "కాల్లె వచ్చాడని."

తర్వాత జరిగింది చెప్పేటప్పుడు చర్చిలో వెనక వరసవాళ్ళు కూడా ముందుకు వంగేవాళ్ళు. ఆకారం కదిలింది. బండి చుట్టూ దూరంగా తిరిగి, కన్నం దగ్గర వంగి, తన చేతి ఇనుమును ఏటవాలుగా అందులో దించింది. తాడు కొస తగిలించింది. చెయ్యి పైకెత్తింది — ఊఁ, కానీ, అన్నట్టు.

చిన్నాన్న మర తిప్పాడు. తాడు ఖంగుమని బిగిసింది. గడ్డ లోపలెక్కడో మూలిగింది. ఆకారం వెనక్కి వచ్చి బండికి భుజం ఆనించింది. ముందు చక్రాలు లేచాయి... జారాయి... మళ్ళీ లేచాయి...

గట్టి గడ్డ మీదకు ఎక్కింది బండి!

ఆకారం గునపం ఊడబెరుక్కుని వెళ్ళిపోయింది. వీపు మాత్రం తిప్పలేదు. ఆయన మీదే చూపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ... చీకట్లో కలిసిపోయింది.

ఐలి పిన్ని ఆయన బూట్లు కత్తితో కోసి తీసింది. పది వేళ్ళూ దక్కాయి. దేవుడికి స్తోత్రం.

తర్వాత పదమూడేళ్ళు చిన్నాన్న చర్చిలో లేచి నిలబడి ఆ సాక్ష్యం చెప్పాడు. దేవుడు తలచుకుంటే దెయ్యం చేత కూడా సేవ చేయించుకుంటాడని మా పాస్టరుగారు దాని మీద మూడు ప్రసంగాలు చేశారు. మూడూ బాగుంటాయి. నేను ఏడ్చాను కూడా.

నాది ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు కట్లు మార్చే ఉద్యోగం. ఈ పనికి చర్చి పట్టింపు లేదు. మొన్న చలికాలం ఉర్హోగారు తుంటి విరిగి మంచాన పడితే నన్నే పంపారు. ఎనభై దాటిన మనిషి. వెళ్ళగానే తల ఊపాను, ఆయనా ఊపాడు. వారం గడిచాక మాటలు కలిశాయి.

ఒకరోజు సాయంత్రం కట్టు కడుతుంటే కిటికీ వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"వెలుగుండగానే వెళ్ళిపో అమ్మాయీ. గుర్రం మూల దగ్గర బండి ఆపకు."

"ఎందుకని పెద్దాయనా?"

"నేను చూశాను."

"ఎవర్ని?"

"కాల్లెను." గొంతు ఇంకా తగ్గించాడు. "పదమూడేళ్ళయింది. గాలాలు చూసుకోవడానికి గునపం పట్టుకుని నడిచిపోతున్నాను. నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ముఖం లేదు, అంతా మంచే. గుర్రం బదులు ఏదో మోటారు బండి ఉంది. కాలం మారింది కదా, వాళ్ళూ మార్చుకున్నారేమో."

నా చేతిలో కట్టుగుడ్డ అలాగే ఉండిపోయింది.

"నన్ను చూసి దేవుని శాంతి అన్నాడు. ఒకసారి కాదు... మూడుసార్లు."

"బతికున్న మనిషేమో పెద్దాయనా? మా చర్చివాళ్ళెవరైనా..."

"మీవాళ్ళా? మాకు దేవుని శాంతి చెప్తారా?" మంచం కిర్రుమనేట్టు నవ్వాడు. "మావాళ్ళా అంటే, మొత్తం ముప్ఫై మందిమి, గొంతు వింటే పోల్చుకుంటాను. ఇక మిగిలింది వాడే. వాడు పోయేనాటికి చర్చి ఒక్కటే కదా. చీలిందని నీళ్ళ కింద వాడికి ఎవరు చెప్పారు? అందుకే అందరికీ చెప్తున్నాడు, పిచ్చోడు."

"మరి మీరు పలకలేదేం?"

"చచ్చినవాడికి బదులు పలికితే ఇంటిదాకా వస్తాడమ్మా."

"భయపడి పారిపోవచ్చుగా?"

ఆయన దుప్పటి గుండెల దాకా లాక్కున్నాడు.

"కాల్లె మునిగిన రోజు మా నాన్న ఒడ్డునే ఉన్నాడు. కేకలు విన్నాడు. మంచు పలచగా ఉందని వెళ్ళలేదు. పోయేదాకా రాత్రుళ్ళు చెవులు మూసుకుని పడుకునేవాడు." మీసం తడుముకున్నాడు. "మళ్ళీ పిలిచాడు కదా... ఈసారైనా లాగుదామనుకున్నా."

దేవుడు నన్ను క్షమించాలి, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ కాల్లె మా రేనో చిన్నాన్నేనని చెప్పేశాను.

ఉర్హోగారు మోచేతి మీద లేవబోయాడు.

"బతికే ఉన్నాడా?" అన్నాడు.

"పది వేళ్ళతో సహా."

ఆ రాత్రే చిన్నాన్నకు చెప్పాను. పదమూడేళ్ళలో మా ఇంట్లో అందరికీ దెయ్యమే తట్టింది గానీ, అవతలి చర్చి మనిషి సాయం చేసి ఉంటాడని ఎవరికీ తట్టలేదు. ఆయన కాఫీ పక్కకు జరిపాడు.

"పాస్టరుగారికి చెప్పకు," అన్నాడు. "మూడు ప్రసంగాలు పోతాయి."

మర్నాడు మాత్రం గడ్డం గీసుకుని, ఒక మంచి చేపను కాగితంలో చుట్టుకుని వెళ్ళాడు. ప్రాణం పోసినవాడికి కృతజ్ఞత చెప్పాలి కదా. ఐలి పిన్నీ నేనూ కిటికీ దగ్గరే కూర్చున్నాం. గంటయింది... రెండు గంటలయింది... చీకటి పడ్డాక వచ్చాడు. ముఖం జేవురించి ఉంది.

"చెప్పావా?" అంది పిన్ని.

"ఏం చెప్పేది! నా మర లాగిందా, వాడి భుజం నెట్టిందా అని మొదలుపెట్టాడు. భుజమేనంటాడు. తాడు వంకరగా తగిలించావురా అన్నాను. బండి బయటికొచ్చిందా లేదా అన్నాడు. రేపు మళ్ళీ వెళ్ళాలి, ఇంకా తేలలేదు."

బూట్లు విప్పుకుంటూ గొణిగాడు.

"దెయ్యమే నయం. నోరు మూసుకుని పని చేసింది."