గాలాడని పెట్టె

అమావాస్య నాటి అసురసంధ్య! ఆకాశమంతా కారుమేఘాలు కమ్ముకున్నాయి... ఉరుము ఉరిమినప్పుడల్లా కిటికీ అద్దాలు గజగజ వణికాయి. ఎక్కడో గుడ్లగూబ మూలిగింది. వెనకగదిలో గిటారు వాద్యకారుడు తన ఎడమచేతిని పరాయివాడి చేతిలా చూసుకుంటున్నాడు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు... మూడూ కొయ్యబారిపోయాయి! తీగలు నొక్కే వేళ్ళలో మిగిలింది చిటికెనవేలు. అదీ పోతే ఆ చేతికి గిటారు లేదు, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇదంతా ఆ పెట్టె వచ్చినప్పటి నుంచే. గిటారు శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్ హెడ్ పాత రేకుపెట్టె తుప్పు పట్టిందని, బావమరిది స్వహస్తాలతో కొత్త చెక్కపెట్టె చేసి ఇచ్చాడు. మూలల్లో పళ్ళు కరుచుకున్న అతుకులు, నున్నని చిత్రిక, వెంట్రుక దూరే సందైనా లేదు. ఎంత ముచ్చటైన పని! ఆ ముచ్చటే కొంప ముంచింది.

ఒకప్పుడు ఆ వాద్యబృందంలో గిటారు బావమరిదిదే. బావ వచ్చాక అతని చోటు పోయింది. ఆ కక్షతో పెట్టె అడుగున రెండు పలకల నడుమ ఒక కపాలశకలాన్ని పొదిగాడు ఆ పాపాత్ముడు! "బావ వేళ్ళలోని విద్య నాకు తెచ్చిపెట్టు, నిన్ను విడుదల చేస్తాను" అని అందులోని ప్రేతాన్ని నమ్మించాడు. ఆపైన చివరి సందును తన రక్తం కలిపిన లప్పంతో పూడ్చేశాడు. విడుదలట! పాపం, ఆ అమాయకపు ప్రేతం నమ్మింది.

"పెట్టె కాలిపోతోందండీ," అంది భార్య చెక్కమీద చెయ్యి వేసి. "లోపల యాంప్లిఫయర్ గాజు వాల్వులు కాగుతుంటే వేడి పోయే దారేది? మా తమ్ముడు వెనక రంధ్రాలు పెట్టడం మర్చిపోయాడు."

"వాడు మర్చిపోయే రకం కాదే. ఏదో లెక్క ఉంటుంది, ఉండనీ."

"లెక్క తర్వాత. ముందు వాల్వులు దక్కనివ్వండి," అంటూ డ్రిల్లు తెచ్చింది.

మొన చెక్కకు తగిలిందో లేదో, తలుపు భళ్ళున తెరుచుకుంది! తడిసి ముద్దయిన తమ్ముడు... ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"అక్కా, రంధ్రం పెట్టకు."

"ఎందుకురా?"

అతని చూపు బావ కొయ్యవేళ్ళ మీద పడి, చటుక్కున పక్కకు తప్పుకుంది. అక్కకు అది చాలు.

"అమ్మ లేని లోటు తెలియకుండా పెంచాను కదరా," అంది మెల్లగా. "నా ఇంటికే ఎసరు పెట్టావా."

డ్రిల్లు చెక్కను చీల్చుకుపోయింది!

ఫెళఫెళమని పిడుగు పడింది... రంధ్రంలోంచి నల్లని ధూమం సుడులు తిరుగుతూ లేచింది. ఎవరూ మీటని గిటారు స్పీకరులోంచి భీకరంగా రోదించింది. ఆ రోదన మాటైంది... "విడుదలన్నావు... సందు లేకుండా పూడ్చావు!"

మోసపోయినవారి ఉసురుకు విరుగుడు ఏ తంత్రంలోనూ లేదు. క్షుద్రుడైన ఆ తమ్ముడి వేళ్ళు ఫటఫటమని బిగుసుకున్నాయి. మణికట్టు, మోచెయ్యి, భుజం... చర్మం మీద చెక్కచారలు తేలాయి! "అక్కా..." అని చెయ్యి చాచాడు. ఆమె పట్టుకుంది. ఎంతైనా తాను పట్టుకుని నడక నేర్పిన చెయ్యి. అదప్పటికే చల్లని కొయ్య. మరుక్షణంలో మనిషంతా దూలంలా కూలిపోయాడు.

బావ వేళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. అతడు గిటారు ముట్టలేదు.

"అడిగి ఉంటే నా చోటు వాడికే ఇచ్చేసేవాణ్ణి కదే," అన్నాడు.

ఆమె ఆ కొయ్యచేతిని ఇంకా వదల్లేదు.